ఒక్క పాలు తాగినవాళ్లు

నా చిన్నప్పుడు బెంగళూరు పక్కన దొడ్డబళ్ళాపురంలో మా అవ్వ పెంచిన పట్టుపురుగులు బెండకాయలంత ఉండేవి. ఒక్కోటి తట్టలోంచి తల ఎత్తి చూసిందంటే కోడిపెట్ట కూడా వెనక్కి తగ్గేది. సరే, బెండకాయంత కాదు, నా చిటికెన వేలంత. అప్పటికి నా వేలు కూడా చిన్నదే. కోడి సంగతి పూర్తిగా కల్పితం. పురుగుల గదిలోకి కోడిని ఎవరు రానిస్తారు?

నాకిదొక జబ్బు. పీణ్య ఫ్యాక్టరీలో లేతు మిషను ముందు వయసంతా నిలబడి, వెంట్రుకవాసి తేడా రాకుండా ఇనుము చెక్కినవాణ్ణి. నోరు తెరిస్తే మాత్రం కొలత నిలవదు. మనవలు నా మాటల్లో సగం తీసేసి వింటారు, మిగిలిన సగంలో ఇంకొంత నేనే తీసేసి ఒప్పుకుంటాను. ఈ కథలో కూడా ఎక్కడ పెంచితే అక్కడే చెప్పేస్తాను. చెప్పకుండా వదిలినవి జరిగినట్టే జరిగాయి.

మా ఇంటి వరసలు ముందు చెప్పాలి. మా అవ్వ అమ్మకు అమ్మ, నాన్నకు అక్క. అంటే మా అమ్మ తన సొంత మేనమామను చేసుకుంది. అవ్వ కూడా తన మేనమామనే చేసుకుంది. నాకు నేనే మామనయ్యే వరస కూడా మా ఇంట్లో ఒకటుందని బడిలో చెప్పి తన్నులు తిన్నాను. అది పెంచిందే, కానీ ఎంతో పెంచింది కాదు. దీనికి మాలో ఎవరూ సిగ్గుపడేవాళ్లు కాదు. అది మా గౌరవం. మేనమామ ఉండగా పిల్లను పరాయి ఇంటికిస్తే, ఆ మేనమామలో ఏదో లోపముందని ఊరనుకునేది.

మేము ముగ్గురం మిగిలాం. అక్క, నేను, తమ్ముడు. అక్కకూ నాకూ నడుమ ఇద్దరు పుట్టి మెడ నిలవకముందే పోయారు. తమ్ముడికి చెవులు వినపడవు, అందువల్ల మాటా రాలేదు. వాడు నాన్న మగ్గం ఉన్న గదిగోడకు అరచేయి ఆనించి నిలబడేవాడు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎక్కడైనా తట్టుకుందంటే నాన్నకంటే ముందు వాడికి తెలిసేది, పరుగున పోయి నాన్న భుజం తట్టేవాడు. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు.

మామ అవ్వకు ఒక్కగానొక్క కొడుకు, అమ్మకు తమ్ముడు. ఆరడుగుల మీద అరడుగు ఎత్తుండేవాడు. కాదు, నాన్నకంటే కాస్త పొట్టే. నేను మరీ కిందినుంచి చూసేవాణ్ణి, అంతే. అక్క పుట్టిన రోజే ఆమె మామకని పెద్దలు అనుకున్నారు. అక్కకు పదహారేళ్లు వచ్చేసరికి ఆమె కూడా అదే అనుకుంది. మామ సంతకు పోతే కనకాంబరాలు తెచ్చి గుమ్మం దగ్గర నా చేతికిచ్చేవాడు. అమ్మ తలలో ఒక ముక్క పెట్టి, మిగిలినదంతా అక్క తన జడలోనే తురుముకునేది. తర్వాత ఏదో పనున్నట్టు మామ ఇంట్లోకి వచ్చి, ఆ జడ చూసి వెళ్లేవాడు. ఆ ఏటి పంట పట్టుగూళ్లు అమ్ముడుపోగానే తాంబూలాలు, ఆ వెంటనే పెళ్లి అని నిశ్చయమైంది.

అవ్వకు ఊరి చివర మల్బరీ తోట, పక్కనే పురుగుల గది ఉండేవి. గుడ్లు మాత్రం ఎప్పుడూ రేశ్మె ఆఫీసు, అంటే సర్కారు పట్టు ఆఫీసునుంచే తెచ్చేది. మా మైసూరు జాతి పురుగు ఎండకూ తేమకూ తట్టుకుంటుంది కానీ గూడు చిన్నది. జపాను జాతి గూడు పెద్దది, తెల్లనిది, ఆ పురుగు మాత్రం సుకుమారం. మైసూరు ఆడ పురుగును జపాను మగ పురుగుతో కలిపితే పుట్టే బిడ్డలు తల్లి గట్టితనం, తండ్రి పుష్టి రెండూ తీసుకుని, అన్నీ ఒకే ఈడుగా పెరిగి పసుపుపచ్చని గూళ్లు కడతాయి. అయితే ఆ బిడ్డలనుంచి మళ్లీ గుడ్లు తీయకూడదు. పంటంతా అమ్మేసి, ఆఫీసునుంచి కొత్త గుడ్లు అంటిన అట్ట తెచ్చుకోవాలి. తోట ఉన్న ప్రతి ఇంటికీ ఇది తెలుసు. మామకూ తెలుసు.

కానీ అంతకుముందటి పంట మరీ బాగా వచ్చింది. గూళ్లు చూడ్డానికి పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చారు. మామకు గర్వం తలకెక్కింది. మంచి మంచి గూళ్లు ఏరి పక్కన పెట్టి అవ్వతో అన్నాడు.

"ఇంత మేలైన జాతి మన ఇంట్లో పెట్టుకొని ఇంకొకరి గుడ్లకు చెయ్యి చాచేదెందుకమ్మా? మన పురుగులను మన పురుగులతోనే కలుపుదాం."

అవ్వ కాదనలేదు. ఇంటిది ఇంట్లోనే ఉండాలన్న మాట ఆమెకు ఎప్పుడూ తీపిగానే ఉండేది. గూళ్లు చీల్చుకుని రెక్కల పురుగులు బయటికి రాగానే, ఒకే తల్లి బిడ్డలైన ఆడవీ మగవీ ఒక చేటలో పెట్టి కలిపారు. అవి గుడ్లు పెట్టాయి. అక్క కూడా చూసి మురిసిపోయింది. ఆ పంట మీద తన పెళ్లి ఉంది మరి.

గుడ్లలో కొన్ని పగలనే లేదు. పగిలినవాటిలో కొన్ని పురుగులు బాగానే ఎదిగాయి, కొన్ని చీపురుపుల్ల ముక్కల్లా ఉండిపోయాయి. పొర విడిచేముందు పురుగు ఆకు ముట్టకుండా పడుకుంటే దాన్ని మావాళ్లు జ్వరమనేవాళ్లు. ప్రతి పంటలోనూ తట్టంతా ఒకేసారి జ్వరానికి పడుకుని ఒకేసారి లేచేది. ఈసారి సగం పడుకుంటే సగం ఆకు కోసం తల ఎత్తేవి. ఎప్పుడు మేత వేయాలో, ఎప్పుడు ఆపాలో అవ్వకు అంతు చిక్కలేదు. తర్వాత అవి ఆకు మీదే మెత్తబడి, నల్లగా కారిపోవడం మొదలైంది. బతికినవి గూడు కట్టేందుకు పెట్టిన వెదురు తడికెల, చంద్రికల మీదికెక్కి తలొక తీరు గూడు కట్టాయి. ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా, ఒకటి నడుము నొక్కినట్టు, ఒకటి వేలితో తాకితే చినిగేంత పలచగా. కొన్ని తిరిగి తిరిగి, దారం ఎక్కడ మొదలుపెట్టాలో మరిచిపోయినట్టు, గూడు కట్టకుండానే ఎండిపోయాయి. చచ్చిన పురుగులు బండ్లకొద్దీ అని చాలామందికి చెప్పాను. బండ్లు కాదు, గంపలు. అవ్వ ఎవరినీ ముట్టనివ్వకుండా తానే ఏరి గుంటలో పోసింది.

రేశ్మె ఆఫీసు సారు సైకిలు మీద వచ్చి చూశాడు. కోప్పడతాడని మామ తోటలోకి జారుకున్నాడు. ఆయన కోప్పడలేదు. ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇంటి గుడ్లా అవ్వా?" అన్నాడు.

"ఇంటివే సారు. తల్లులు అంత బాగుండె గదా. బిడ్డలకేమొచ్చె?"

"తల్లుల్లో లోపం లేదని కాదు అవ్వా. దాగి ఉండాది. ఒకపక్కనుంచి లోపమొస్తే ఇంకోపక్కనుంచి వచ్చిన మంచిది దాన్ని కప్పి పెడుతుంది. అన్నాచెల్లెళ్లను జత కలిపితే ఇద్దరిలో దాగింది ఒకే లోపం గదా. రెండుపక్కలదీ పోయి ఒకే బిడ్డలో పడితే, కప్పేదానికి ఇంక మంచిది ఉండదు. అన్ని బిడ్డల్లోనూ కాదు, కొన్నిట్లో. ఏ కొన్నిట్లో అని ముందే ఎవరూ చెప్పలేరు."

తమ్ముడు అప్పుడు వాకిట్లో తట్టలు కడుగుతున్నాడు. అవ్వ వాడివైపు చూస్తూనే అడిగింది.

"మనుషుల్లో గూడా ఇంతేనా సారు?"

"మనుషుల మాట వేరే అవ్వా."

"ఎట్ల వేరే?"

ఆయన చేతిలోని పురుగును తట్టలో దించి, చేయి తుడుచుకున్నాడు.

"మీ ఇంటామె మీకేమవుతుంది సారు?"

"మా అక్క కూతురు."

"బిడ్డలెట్లుండారు?"

ఆయన సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. అక్క పెట్టిన కాఫీ అట్లాగే ఉండిపోతే నేను తాగాను. తాగుతుంటే అవ్వ నన్ను కోప్పడలేదు. ఆమె తమ్ముణ్ణే చూస్తోంది. వాడు తట్ట కడగడం ఆపి, ఏం కావాలన్నట్టు చేయి ఊపాడు. ఏమీ లేదని అవ్వ చేయి ఊపింది.

ఆ తర్వాత అవ్వ తిండి తగ్గించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె ఎక్కడ ఇరుక్కుపోయిందో నాకు అర్థమవుతుంది. అక్కను మామకివ్వకూడదని ఆమెకు తేలిపోయింది. కానీ ఎందుకు ఇవ్వకూడదో చెప్పాలంటే, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టి, నీ ఇద్దరు బిడ్డలు పోవడానికీ, నీ చిన్నకొడుక్కి వినపడకపోవడానికీ నేను చేసిన పెళ్లి కారణం కావచ్చునని అనాలి. అమ్మను పట్టుబట్టి తన తమ్ముడికి చేసింది అవ్వే. ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు.

మా పక్కింట్లో పట్టుదారం తీసే ఒక ముస్లిం ఆవిడ ఉండేది. వాళ్లలోనూ మేనరికాలున్నాయి. కానీ ఒకే స్త్రీ పాలు తాగి పెరిగిన పిల్లలు ఒకరినొకరు చేసుకోరు, వాళ్లు తోబుట్టువుల లెక్క. చెడిపోయిన గూళ్లు తీసుకుని అవ్వ ఆమె దగ్గరికి పోయి చాలాసేపు కూర్చుని వచ్చింది. దారం తెగుతూనే ఉందని ఆమె చెప్పి ఉంటుంది. ఇంకేం చెప్పిందో నాకు తెలియదు, తెలుసని చెప్తే అది కల్పన అవుతుంది.

పంట పోయినా తాంబూలాలు ఆపలేదు. మా బంధువులు చాప మీద కూర్చున్నారు. పళ్లెంలో వక్కాకు, పసుపు, కొత్త చీర పెట్టారు. నాన్న పళ్లెం ఎత్తబోతుంటే అవ్వ దానిమీద చేయి పెట్టింది.

"ఈ పెండ్లి జరిగేది కాదు."

నాన్న నవ్వబోయి ఆగాడు. "ఏమాయె అక్కా?"

"పిల్లా పిల్లోడూ ఒక్క పాలు తాగినోళ్లు. ఇది పుట్టినప్పుడు వాళ్లమ్మకు జ్వరం. అప్పుడు నా రొమ్ములో పాలుండె. నేనిచ్చినాను. ఒక్క పాలు తాగినోళ్లు అన్నాచెల్లెళ్లు గాని మొగుడూ పెండ్లాం గారు."

"ఇన్నేండ్లకు గుర్తొచ్చెనా నీకు?" అన్నాడు మామ.

"గుర్తుండె నాయనా. చెప్పేదానికి నోరు రాలేదు."

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "నా బిడ్డకు నా పాలే ఇచ్చినానమ్మా. ఒక్క పూటన్నా తప్పలేదు."

"నీకు ఒళ్లు తెలిసుంటే గదా. కండ్లు తెరిచినావా నువ్వు ఆ నాలుగు దినాలు?"

అక్క పుట్టిన నెలలోనే అవ్వకు కూడా ఒక బిడ్డ పుట్టి పోయిన సంగతి అక్కడున్న పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆ కాలంలో తల్లీ కూతురూ ఒకేసారి పురుడు పోసుకోవడం వింత కాదు. కాబట్టి అవ్వ రొమ్ములో పాలుండేవన్నది ఎవరూ కాదనలేరు. దీపం ముట్టి చెప్పమన్నాడు ఒక పెద్దాయన. అవ్వ లేచి దీపం ముట్టింది. మామ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు. అక్క లోపలికి పోయి, అడుగంటుతున్న పాయసం దించింది. ఆ పూట దాన్ని ఎవరూ తినలేదు, నేను కూడా.

నేను అబద్ధాల్లో ఆ వయసుకే చేయి తిరిగినవాణ్ణి. నిజం చెప్పేవాళ్లు తడబడతారు, జ్ఞాపకం కోసం వెతుక్కుంటారు. అవ్వ ఎక్కడా తడబడలేదు. మర్నాడు తోటలో ఆకు కోస్తుంటే అడిగేశాను.

"అవ్వా, నువ్వు అక్కకు పాలియ్యలేదు గదా?"

ఆమె ఆకు కోస్తూనే ఉంది. చివరికి అంది. "ఇయ్యలేదప్పా. నా బిడ్డ పోయినంక పాలు నిలవకుండా కారుతుండె. పిండి ఈ చెట్ల మొదట్లో పోసినా. ఎవురూ తొక్కకూడదు గదా, అందుకని."

"మరి దీపం ముట్టినావే."

"ముట్టినా. పాపమొస్తే నాకే గదా వచ్చేది."

నేను చాలామందికి ఇక్కడ అవ్వ ఏడ్చిందని చెప్పాను. ఏడవలేదు. గంప నిండింది, ఎత్తమంది. ఎత్తాను.

అక్కను బెంగళూరులో ఒక పరాయి ఇంటికిచ్చారు. పెళ్లిలో పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకురావాలి. పాలవరస ఎలా ఉన్నా మేనమామ మేనమామే గదా అన్నారు పెద్దలు. మామే మోశాడు. ఇంకొకరితో కలిసి మోస్తారు కాబట్టి బరువు సగమే. అయినా మండపం దగ్గర బుట్ట దించి, నడుము పట్టేసినట్టు చాలాసేపు వంగే ఉన్నాడు. అక్క తల వంచుకుని ఉంది. మావాళ్లు ఆమెను ఇక మామను అన్నా అని పిలవమన్నారు. ఆమె ఆ తర్వాత అతన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. అవ్వ ఇంటి గడప కూడా తొక్కలేదు. అక్కకు ముగ్గురు బిడ్డలు పుట్టారు, ముగ్గురూ నిక్షేపంగా ఉన్నారు. తన బిడ్డకు తల్లిపాలు పట్టలేదని ఊరంతా అనుకోవడం అమ్మకు జీవితాంతం ములుకులా ఉండిపోయింది. అవ్వతో మాట్లాడేది, కానీ ముఖం చూసి కాదు.

ఈ కథను ఇక్కడ ఆపితే బాగుంటుంది. ఎన్నో ఏళ్లు నేను ఇక్కడే ఆపి, ఒక్క అబద్ధంతో మా అవ్వ తరాల రాత మార్చిందని చెప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నాను. అదే నేను పెంచినవాటన్నిట్లోకీ పెద్దది.

జరిగింది వేరు. ఏడాది తిరక్కుండానే మామకు మళ్లీ సంబంధం చూశారు. అవ్వ పెద్దకూతురు, అంటే మా పెద్దమ్మ, తన కూతుర్ని ఇస్తానని ముందుకొచ్చింది. ఆ పిల్ల కూడా మామకు అక్క కూతురే. ఈసారి అవ్వ దగ్గర అబద్ధం లేదు. ఆ పిల్ల పుట్టింది హిందూపురంలో, అవ్వ అప్పుడు అక్కడ లేదు. గత్యంతరం లేక నిజం చెప్పింది. పురుగుల సంగతి, సారు చెప్పిన దాగిన లోపం సంగతి, పోయిన బిడ్డల సంగతి, తమ్ముడి సంగతి. తడబడుతూ, మధ్యలో ఆగుతూ చెప్పింది. పెద్దమ్మ విని అంది.

"నా కూతురికి నువ్వు పాలియ్యలేదు గదమ్మా. ఇంకేముండాది అడ్డం? పురుగులకూ మనుషులకూ ముడిపెడతావా? చిన్నదాని కూతురు బయట ఇంట్లో సుఖంగా ఉండాది, నా కూతురు నీ కండ్లకు ఆనలేదా?"

అవ్వ మొదటిసారే నిజం చెప్పి ఉంటే ఎవరైనా వినేవాళ్లేమో. పాలు అడ్డమన్న మాట ఒకసారి నమ్మాక, పాలు లేని చోట అడ్డమే లేదనుకున్నారు. పెళ్లి జరిగిపోయింది.

వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. చక్కని పిల్ల. నెలలు గడిచాక, కాన్పుకు పుట్టింటికి పోయిన తల్లి బిడ్డతో మా ఊరు వచ్చింది. అందరం చుట్టూ చేరాం. బిడ్డ చాప మీద బోర్లా పడి, గోడ మీద కదిలే ఎండను చూసి నవ్వుతోంది. అవ్వ వంటింట్లోంచి ఇత్తడి పళ్లెం తెచ్చి, బిడ్డ వెనక నిలబడి, వదిలేసింది. మేమందరం అదిరిపడ్డాం. మామ చేతిలోని గ్లాసు ఒలికింది. బిడ్డ తల తిప్పలేదు. ఎండను చూసి నవ్వుతూనే ఉంది.

అవ్వ వంగి పళ్లెం తీసుకుంది. మామ భార్య బిడ్డను లాక్కుని గుండెకు హత్తుకుని, నిద్రమత్తులో ఉంది, నిద్రమత్తులో ఉంది అని అందరికీ చెప్పుకుంటూ తిరిగింది. ఆ గదిలో సంతోషించినవాడు ఒక్కడే, మా తమ్ముడు. వాడికి పళ్లెం చప్పుడు తెలియదు, మా ముఖాలు తెలిశాయి, బిడ్డ తల తిప్పలేదన్నది తెలిసింది. కాసేపటికి పోయి బిడ్డ ముందు కూర్చుని, చేతులతో తన భాషలో ఏదో చెప్పసాగాడు. బిడ్డ వాడి వేళ్లనే చూస్తూ కేరింతలు కొట్టింది. వాళ్లిద్దరూ చివరిదాకా అలాగే మాట్లాడుకున్నారు. వాళ్లు పుట్టకుండా ఉండాల్సిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ బిడ్డ తర్వాత పుట్టినవాడు మాత్రం ఏడాది నిండకుండా పోయాడు. వాణ్ణి తోట చివర పెట్టినప్పుడు మట్టి వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లోనూ ఇలా జరుగుతుందని నేను అనను. మా బంధువుల్లోనే మేనమామను చేసుకుని బంగారంలాంటి బిడ్డల్ని కన్నవాళ్లున్నారు. సారు అన్నట్టు, కొన్నిట్లోనే, ఏ కొన్నిట్లో అని ముందే తెలియదు. కానీ మా ఇంట్లో ఆ లోపం దాగి ఉందని ఇప్పుడు మాకు తెలుసు. తెలిసీ ఊరుకోవడం నాకు చేతకాదు. పోయిన నెల బొమ్మసంద్ర దగ్గరి మా బంధువులింట్లో ఒక మేనరికం మాట వచ్చింది. పిల్లా పిల్లాడూ ఇద్దరూ కంప్యూటరు ఉద్యోగాలవాళ్లే. పిలవకపోయినా పోయాను. పోయిన బిడ్డల్ని, తమ్ముణ్ణి, మామ బిడ్డల్ని ఒక్కొక్కరినీ చెప్పి, ముందు డాక్టరు దగ్గరికి పోయి మన ఇంటి సంగతి దాచకుండా చెప్పి పరీక్ష చేయించుకోండి అన్నాను. పిల్లాడి తండ్రి నవ్వాడు. "ఇందులో ఎంత పెంచినావు మామా?" అన్నాడు. పిల్ల తల్లి శుభమా అని మాట్లాడుకుంటుంటే ఈయనొకడు అని లోపలికి పోయింది. పిల్ల మాత్రం నవ్వలేదు, అక్కడే కూర్చుని విన్నది. ఆమె ఏం చేస్తుందో నాకింకా తెలియదు.

అవ్వను నేను తప్పుపట్టను. తన మనవరాలి కోసం ఆమె దేవుడి ముందు అబద్ధమాడింది, ఆ అబద్ధం అక్కను కాపాడింది. అయితే అది ఒక్క పిల్లకు సరిపడేంత చిన్నది, రెండోదానికి చాలలేదు. చెప్పాల్సిన మాటను మొదటి రోజే, ఎవరి మనసు విరిగినా సరే, ఉన్నదున్నట్టు చెప్పాలని నాకు ఎవరూ చెప్పలేదు. మేమంతా అదిరిపడిన ఆ గదిలో, అదిరిపడకుండా ఎండను చూసి నవ్వుతున్న ఆ పసిదాన్ని చూసి నేర్చుకున్నాను.